లేని తట్ట

బి.ఎడ్. పరీక్షలో వ్యాయామ విద్య లక్ష్యాలు రాయమన్నారు. రాశాను. శారీరక వికాసం, క్రమశిక్షణ, నాయకత్వ లక్షణాలు, ఒక్కటీ వదల్లేదు. మార్కులూ బాగానే వేశారు. కాని రాసినదాంట్లో నీకేం అర్థమైందని ఎవరైనా అడిగితే ఆ రోజూ చెప్పలేను, ఈ రోజూ చెప్పలేను. నేనే పంతులమ్మనయ్యాక కూడా ఇదే గొడవ. స్టాఫ్ రూములో దీని మీద నాతో వాదించి గెలిచినవాళ్లు లేరు. నేను గెలిచిందీ లేదు, ఎందుకంటే నేను ఏ పక్షమో నాకే తెలియదు.

మాది అండమాన్‌లోని మాయాబందర్. మా నాన్నవాళ్లు శ్రీకాకుళం తీరం నుంచి వేటకని వచ్చి ఇక్కడే ఉండిపోయారు. తెల్లవారి పడవ ఒడ్డుకు చేరగానే చేపల తట్టలు నెత్తికెత్తుకుని మా అమ్మా నేనూ బజారుకు పరుగెత్తేవాళ్లం. క్వార్టర్స్‌లో ఉండే ఆఫీసువాళ్లు ముందొచ్చిన తట్ట దగ్గరే కొంటారు. వెనకొచ్చిన తట్ట ఈగలకు. నెత్తిన చుట్టకుదురు, దాని మీద తట్ట, తట్ట అంచు మీద కుడిచెయ్యి. మెడ కదలకూడదు. అడుగులు చిన్నవిగా, గబగబా పడాలి. ఇది నాకెవరూ నేర్పలేదు, అమ్మ వెనక పరుగెత్తగా వచ్చింది. ఆ పనయ్యాక స్నానం చేసి బడికెళ్తే, అక్కడ పీటీ పీరియడ్‌లో మాకు పరుగెత్తడం నేర్పేవారు.

మా పీటీ మాస్టారు పటాలంలో చేసి వచ్చిన ఉత్తరాది మనిషి. ఇస్త్రీ మడత నలగని నిక్కరు, మెడలో ఈల. ఒక ఏడు ఆయన చెప్పారు, పోర్ట్ బ్లెయిర్‌లో జరిగే ఆటల పోటీలకు మా బడి నుంచి పరుగుకు ఒక్క అమ్మాయినే తీసుకెళ్తానని. ఓడెక్కి, రాత్రంతా సముద్రం మీద పోయి, అక్కడి ఫీనిక్స్ బే రేవులో దిగడం. నేనప్పటికి మాయాబందర్ దాటలేదు. ఓడ రావడం చూశాను, పోవడం చూశాను, అంతే. ఈసారి అందులో నేనుండాలి. ఆ ధ్యాసలో నాకు అన్నం సయించేది కాదు.

చిక్కల్లా నా పరుగుతోనే వచ్చింది.

“యే కైసే దౌడ్‌తీ హై? సిర్ పే మట్కా హై క్యా?” అనేవారు మాస్టారు, నెత్తిన కుండేమైనా పెట్టుకున్నావా అని. చేతులు ఊపమనేవారు, మోకాళ్లు ఎత్తమనేవారు. సరే, ఊపాను, ఎత్తాను. ఆ ఊపుడు ఒంటికి పట్టేసి, ఓ పొద్దున్న బజారు దారిలో తట్ట మీది చెయ్యి వదిలేశాను. కవళ్ల చేపలన్నీ రోడ్డు మీద పడ్డాయి.

“ఏటే గుంటా, తట్టొగ్గేసి గాల్లో ఈత కొడతన్నావేటి?” అంది అమ్మ, చేపలు ఏరుతూ.

“బళ్లో ఇలాగే పరిగెట్టమన్నారు.”

“అయితే బళ్లో పరిగెట్టు. ఇది బజారు.”

అమ్మ చెప్పినదాంట్లో తప్పులేదు. ఆయన చెప్పినదాంట్లోనూ లేదు. అదే నా ఖర్మ. పొద్దున్నొకటి, మధ్యాహ్నమొకటి మార్చుకోవడానికి ఒళ్లేమన్నా యూనిఫామా?

మా బడి మైదానంలో ఎంపిక పరుగు పెట్టిన రోజు మొదట్లో బుద్ధిగానే చేతులు ఊపాను. సగం దాటాక వెనక నుంచి ఆఫీసు గుమస్తాగారి అమ్మాయి అడుగుల చప్పుడు దగ్గరగా వినబడింది. అంతే. ఎప్పుడు లేచిందో, నా కుడిచెయ్యి లేచి, లేని తట్టను పట్టుకుని నెత్తి పక్కన ఉండిపోయింది. మెడ బిగిసింది. అడుగులు చిన్నవయ్యాయి. అలాగే పరుగెత్తి అందరికంటే ముందు చేరాను. బడి బడంతా పడీ పడీ నవ్వుతోంది.

మాస్టారు నవ్వలేదు. పోర్ట్ బ్లెయిర్‌కు గుమస్తాగారి అమ్మాయి వస్తుందన్నారు.

“సర్, ఫస్ట్ తో మై ఆయీ” అన్నాను, ముందొచ్చింది నేనే కదా అని.

“ఆయీ. లేకిన్ కైసే ఆయీ?”

ఎలా వచ్చానన్నది లెక్కట, రావడం కాదట. పోర్ట్ బ్లెయిర్‌లో అంత పెద్ద మైదానంలో చెయ్యెత్తుకుని పరుగెడితే బడి పరువేం కావాలన్నారు. పరుగంటే కుక్క కూడా పరుగెత్తుతుంది, దాన్ని ఎడ్యుకేషన్ అనరన్నారు.

“మరి కుక్క ముందొస్తే కప్పు ఎవరికిస్తారు సర్?” అని హిందీలోనే అడిగాను. మిగతా పీరియడంతా ఎండలో సావధాన్‌లో కదలకుండా నిలబెట్టారు.

మర్నాడు అమ్మ ఖాళీ తట్ట చంకన పెట్టుకుని బడికి వచ్చింది. “మాస్టర్‌జీ, మేరా గుంట ఫస్ట్ ఆయా కదా. ఫిర్ కాయ్‌కో నహీ లేకే జాతా?” అంది, మరెందుకు తీసుకెళ్లరని.

“దేఖో దీదీ” అని ఆయన మర్యాదగానే చెప్పారు. చెప్పడమే కాదు, నిక్కరు సర్దుకుని మా ముందు పరుగెత్తి చూపించారు, ఒకసారి చేతులు ఊపుతూ, ఒకసారి నాలాగా చెయ్యి నెత్తికి పెట్టి. చెయ్యి కిందుంటే నేను ఇంకా వేగంగా పోతానని, ఇలాగైతే అక్కడి పిల్లల ముందు నిలవలేనని ఆయన వాదన. అమ్మ కళ్లార్పకుండా చూసింది.

తిరిగొస్తూ దారిలో అంది, “ఆయన సెప్పిందీ నిజమే కదే. తట్ట లేనప్పుడు సెయ్యెందుకెత్తినావు?”

“నేనెత్తలేదు. అదే లేచింది.”

“నీ సెయ్యి నీ మాటినదేటి?”

“నీ తట్ట మోసిన చెయ్యే అది.”

అమ్మ తన కుడిచెయ్యి తిప్పి చూసుకుంది.

తర్వాత్తర్వాత చదువుకున్నాను. బడుల్లో డ్రిల్లు తెల్లవాళ్ల కాలంలో పటాలం నుంచి వచ్చిందట, చెప్పిన మాట వినే ఒళ్లను తయారుచేయడానికట. స్వాతంత్ర్యం వచ్చాక పుస్తకాల్లో మాటలు మారాయి. సంపూర్ణ వ్యక్తిత్వం అన్నారు, మంచి పౌరులన్నారు. మా మైదానంలో సావధాన్ సావధాన్‌గానే ఉంది. ఈ సంగతి పట్టుకుని మాస్టారిని కడిగేద్దామనుకుంటాను. అంతలో ఆయన మా ముందు ఆయాసపడుతూ పరుగెత్తడం గుర్తొచ్చి పుస్తకం మూసేస్తాను. ఆయన నన్ను సరిదిద్దాలనుకున్నారా, వదిలించుకోవాలనుకున్నారా? ఆ చెయ్యి నన్ను గెలిపించిందా, ముంచిందా? చేతులు ఊపుకుంటూ పోయి ఉంటే అసలు ముందు చేరేదాన్నేనా?

ఓడ బయలుదేరిన పొద్దున్న మేం తట్టలతో జెట్టీ పక్కనుంచే పోతున్నాం. తెల్ల కాన్వాస్ బూట్లేసుకుని గుమస్తాగారి అమ్మాయి డెక్కు మీద నిలబడి ఉంది. నన్ను చూసి చెయ్యి ఊపింది.

“ఆ గుంట సెయ్యూపతంది. నువ్వూ ఊపు” అంది అమ్మ.

“తట్ట పడిపోద్ది” అన్నాను.

అమ్మ నా ఎడంచెయ్యి వంక చూసింది. అది ఖాళీగానే వేలాడుతోంది.