మూత మీద చెయ్యి

హాల్వర్ మా ఊరి ధాన్యం గోదాములో ముప్పయ్యొక్క ఏళ్ళు తూకం వేశాడు. ఎవరి బండి వచ్చినా గోతంలో చెయ్యి పెట్టి గింజలు చూస్తే గాని ముల్లు వంక చూసేవాడు కాదు. మా మిన్నెసోటా రైతుల్లో అతన్ని తిట్టుకోనివాళ్ళు లేరు, మోసం చేశాడన్నవాళ్ళూ లేరు.

ఆ చెయ్యి ఇంట్లోనూ ఊరుకునేది కాదు. ఆదివారం పొద్దున్నే అతని భార్య ఆల్మా గొడ్డు భుజం మాంసాన్ని ముక్కలు చెయ్యకుండా కొవ్వులో ఎర్రగా కాల్చేది. ఇనప కుండలో పెట్టి, చుట్టూ ఉల్లిపాయలు, క్యారెట్లు, బంగాళాదుంపలు కొయ్యకుండానే పేర్చేది. మిగిలిపోయిన కాఫీ ఒక కప్పు పోసి, బరువైన మూత వేసి, సన్న సెగ పెట్టి ఓవెన్‌లోకి తోసేది. అందరం చర్చికి వెళ్ళేవాళ్ళం. తిరిగొచ్చాక హాల్వర్ టోపీ అయినా తియ్యకుండా కుండ మూత తీసేవాడు. ఆల్మా గరిటెతో చేతి మీద ఒక్కటి వేసేది.

"చెయ్యి తియ్యవయ్యా! తినబోతూ రుచెందుకు?"

నా పేరు ఇంగా, మాది వాళ్ళ పక్కిల్లే. అది నాకు వారం వారం వినబడేది. నవ్వుకునేదాన్ని.

మార్చిలో ఆల్మా పోయింది. ఇరుగుపొరుగు తెచ్చిచ్చిన వంటలు అయిపోయాక హాల్వర్ తనే పొయ్యి దగ్గరకు వెళ్ళాడు. అతనికి కావలసింది ఒక్కటే, ఆల్మా ఆదివారపు వంట ఇంకొక్కసారి తినాలి. తూకం మనిషి, కొలతల్లో తేడా రానిస్తాడా? అయినా ప్రతి వారం మాంసం తోలులా సాగేది. చివరికి కుండకు కాపలా ఉండాలని చర్చికి రావడం కూడా మానేశాడు.

అక్టోబరులో ఒక ఆదివారం, ఇక చూస్తూ ఊరుకోలేక చర్చి నుంచి నేరుగా అతనింటికి వెళ్ళాను. ఓవెన్ ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నా కళ్ళ ముందే మూత తీశాడు.

"ఇప్పటికి ఎన్నిసార్లు తీశావయ్యా?"

"లెక్కపెట్టలేదు, ఇంగా. ఉడుకుతోందో లేదో చూడొద్దూ?"

"నువ్విలా చూస్తుంటే ఏం ఉడుకుతుంది, నా మొహం! ఆవిరంతా నీ ముక్కులోకే పోతోంది. ఆల్మా దాని మానాన దాన్ని వదిలేసి చర్చిలో కూర్చునేది. వచ్చే వారం నోరు మూసుకుని నాతో రా."

వచ్చాడు. పంటకోతల కృతజ్ఞత ఆరాధన కావడంతో పాస్టరు గారు ప్రసంగం సాగదీశారు. హాల్వర్ చేతులు మోకాళ్ళ మీద ఒక్క క్షణం నిలవలేదు.

ఇంటి తలుపు తియ్యగానే ఆ వాసన ఎదురొచ్చింది. ఫోర్కు తగలగానే మాంసం విడిపోయింది. హాల్వర్ ఒక ముక్క నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

"అదేనా?" అన్నాను.

"అదే."

మూత పెట్టేశాడు. కాసేపాగి మళ్ళీ తీశాడు. తీసిన మూత పట్టుకునే మెల్లిగా వెనక్కి తిరిగి చూశాడు. గరిటె నా పక్కనే బల్ల మీద ఉంది. నేను ముట్టుకోలేదు. అది నా పని కాదు.

తరువాతి ఆదివారం కారు ఆపి హారన్ కొట్టాను. గుమ్మంలోకి వచ్చి, రానని చెయ్యి ఊపాడు.

"మళ్ళీ తోలు నములుతావా?" అని అరిచాను.

"నములుతాలే. ఆ రుచి ఒక్కసారి దొరికితే చాలనుకున్నాను, దొరికింది. కానీ ఇంగా, ఆ రోజు ఇంట్లో ఎవరూ తిట్టలేదు. ఇక్కడే కూర్చుని మూత తీస్తుంటే, ఇదిగో ఇప్పుడు అరుస్తుంది, ఇప్పుడు కొడుతుంది అనిపిస్తుంది. అది చాలు నాకు."

ఒక్కదాన్నే చర్చికి వెళ్ళొచ్చాను. ఆ మధ్యాహ్నం అతని వంటింట్లోంచి మూత చప్పుడు నాలుగుసార్లు వినిపించింది. చలి కొడుతున్నా కిటికీ మూయకుండా, నేనూ చెవి ఒగ్గి కూర్చున్నాను.