సైలెన్సర్ లేని మోరిస్

మా వదిన జయమణికి కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆవిడ కారుకి సైలెన్సర్ ఉండదు. మల్కాపురంలో ఎవరిని అడిగినా ఆవిడ గురించి ఈ రెండు సంగతులే చెప్పేవారు. ప్రార్థన జరుగుతుండగా ఆ చిన్న మోరిస్ కారు చర్చి గేటు ముందు నుంచి పోయిందంటే పాస్టరుగారు వాక్యం మధ్యలో ఆగిపోవలసిందే. ఒకసారి కానిస్టేబుల్ చెయ్యి అడ్డం పెట్టి, "సైలెన్సర్ ఎయించుకోవేటమ్మా, సెవులు పోతన్నాయి," అన్నాడు. "పోతే ఆస్పత్రికి రా, సుక్కల మందు ఏత్తాను," అని గేరు మార్చుకుని వెళ్ళిపోయింది. పిసినారిదని కొందరు అన్నారు. పెళ్ళి కాలేదు కాబట్టి పిచ్చెక్కిందని ఇంకొందరు అన్నారు. ఆ రెండో మాట నా ఎదుట అన్నవాళ్ళు నా నోటి వాటం కూడా చూశారు.

కారు ఎందుకు అలా అరిచేదో నాకు తెలుసు. ఆవిడ బతికున్నంత కాలం చెప్పనివ్వలేదు. ఇప్పుడు ఆవిడా లేదు, కొండవతల ఊరి తాతబాబూ లేడు. ఇంకా నోరు మూసుకుని కూర్చోవడం నా వల్ల కాదు.

నేను దీవెనమ్మని, ఆవిడ తమ్ముడి భార్యని. ఇద్దరం ఒకే మిషన్ ఆస్పత్రిలో నర్సులం. వదిన పురుళ్ళు పోసేది. మాకు పెద్ద డాక్టరుగా ఉన్న దొరసానమ్మ వాళ్ళ దేశం వెళ్ళిపోతూ తన పాత మోరిస్ కారుని ఆస్పత్రికి వదిలేసింది. తాళంచెవి మాత్రం వదిన చేతిలోనే పెట్టింది, ఎందుకంటే నడపడం నేర్పింది ఆవిడకే. డెబ్భైల నాటి మాట ఇది. ఆడది స్టీరింగు పట్టుకుంటే పోర్టు రోడ్డులో లారీవాళ్ళు కిటికీలోంచి తల బయటపెట్టి మరీ చూసేవాళ్ళు. వదిన హారన్ మీద నుంచి చెయ్యి తీసేది కాదు.

ఆ కారుతో ఆవిడకి ముఖ్యమైన పని యారాడ కొండకి అవతల ఉండేది. కొండెక్కి దిగితే సముద్రం ఒడ్డున జాలర్ల ఊరు. అప్పటికి బస్సు లేదు, గులకరాళ్ళ రోడ్డు. పురుడు కష్టమైతే డోలీ కట్టి కొండ దాటించేవాళ్ళు. దాటేలోపు ఎవరో ఒకరు పోయేవారు. నూకాలు మొదటి బిడ్డ అలాగే డోలీలో పోయింది. నూకాలు తాతబాబు కూతురు. తాతబాబు వలకి వెళ్ళడు, పడవలు బాగుచేస్తాడు. కొబ్బరి పీచు, సున్నం, నూనె కలిపి రోట్లో దంచి, ఆ ముద్దని చెక్కల సందుల్లో ఉలితో కూరితే చుక్క నీరు లోపలికి రాదని ఆ ఒడ్డంతా అతనికి పేరు.

నూకాలు మళ్ళీ కడుపుతో ఉన్నప్పుడు వదిన చెయ్యి పట్టుకుని, "ఈపాలి కొండ దిగను సిస్టరమ్మా. సచ్చినా డోలీ ఎక్కను. నువ్వే రావాల," అంది. "ఇంటికాడే ఉండు. నాను వత్తాను," అంది వదిన. మాట ఇచ్చాక ఆవిడ తప్పేది కాదు. అందుకే తర్వాత జరిగినదానికి నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆ వానాకాలం ఉప్పుగాలికి కారు సైలెన్సర్ తుప్పు పట్టి చిల్లులు పడింది. కారు బర్రుమని అరిచేది. అవతలి ఊళ్ళో ఎవరూ విసుక్కోలేదు. కొండ మీద చప్పుడు వినబడగానే నొప్పులు పడుతున్న ఆడపిల్లలకి ధైర్యం వచ్చేదట. కొన్నాళ్ళకి ఆ అరుపు తగ్గిపోయింది. రోడ్డు బురద పట్టి చిల్లులు మూసుకుపోయి ఉంటాయిలే అంది వదిన. పనుల్లో పడి ఎవరం వంగి చూడలేదు.

ఆ తర్వాతే కారుకి సత్తువ పోవడం మొదలైంది. చదును రోడ్డు మీద బాగానే నడిచేది. ఇదివరకు కొండని మూడో గేరులో ఎక్కే కారు రెండో గేరుకి వచ్చింది, తర్వాత ఒకటికి వచ్చింది, ఆ తర్వాత ఆవిరి కక్కుతూ సగంలో ఆగి ఆగి ఎక్కేది. వదిన దాన్ని మల్కాపురంలో మెకానిక్ వీర్రాజు షెడ్డుకి తీసుకెళ్ళింది. నేనూ ఉన్నాను. వీర్రాజు బానెట్ అయినా ఎత్తకుండా ముందు వదిన కాళ్ళ వైపు చూశాడు.

"ఇంజన్‌కేటీ నేదమ్మా. మీరు క్లచ్ మీంచి కాలు తియ్యరు. ఆడోళ్ళు తోల్తే ఇంతే, ప్లేటు అరిగిపోద్ది," అన్నాడు.

వదిన కారెక్కింది. హ్యాండ్ బ్రేకు లాగి, పై గేరులో వేసి, క్లచ్ వదిలింది. ఇంజను దడుచుకున్నట్టు ఠక్కున ఆగిపోయింది. "ప్లేటు అరిగిపోతే జారాల గదా. ఇంజనెందుకు ఆగినాది వీర్రాజూ?" అని అడిగింది.

"అదంతా మీకు తెలీదమ్మా," అన్నాడు వాడు. చివరికి క్లచ్ ప్లేటే మార్చాడు. కారులో ఏ మార్పూ లేదు. ప్లగ్గులు తోమాడు, కార్బురేటర్ విప్పి ఊదాడు, పెట్రోల్ పైపు కడిగాడు. కొండ దగ్గర మళ్ళీ అదే కథ. అప్పుడు, "పిస్టన్ రింగులు పోనాయి, ఇంజన్ దించీయాల," అని తేల్చాడు. ఇంజను దించితే కారు ఎన్నాళ్ళు షెడ్డులో పడి ఉంటుందో దేవుడికే ఎరుక. వదిన కారు ముందు భాగంలో స్టార్టింగ్ హ్యాండిల్ పెట్టి చేత్తో తిప్పి చూసింది. ప్రతి చుట్టులోనూ హ్యాండిల్ ఆవిడ చేతిని గట్టిగా వెనక్కి తోసింది. "రింగులు పోతే ఇంత దమ్ము ఎక్కడిది? నువ్వు కొండ దాకా ఒక్కపాలి తోలి సూడు," అంది. తనకి పని ఉందన్నాడు. వచ్చిన ప్రతిసారీ పని ఉందనే అన్నాడు. కారులో రోగం వెతకాల్సిన మనిషి మనిషిలో రోగం వెతుక్కుని అక్కడే ఆగిపోయాడు.

మా డాక్టరు సుందర్ రాజ్ గారు ఇంకో అడుగు ముందుకేశారు. "కారు పాతదైపోయింది సిస్టర్. కొండవతల రౌండు మానేయండి. వాళ్ళే వస్తారు," అన్నారు. వదిన అగ్గి మీద గుగ్గిలమైంది. "వచ్చేవాళ్ళు సగం దారిలో సచ్చిపోతన్నారండి. నూకాలు పురుడయ్యేదాకా నాను మానను," అని తాళంచెవి గుప్పిట్లో పెట్టుకుని వచ్చేసింది.

నూకాలు మొగుడు గురువులు ఒక మధ్యాహ్నం కొండ మీద నుంచి పరుగెత్తుకుంటూ వచ్చాడు. నొప్పులు పొద్దున్నే మొదలయ్యాయట, బిడ్డ ఎదురుకాళ్ళతో ఉందని అతని అమ్మ చెప్పిందట. వదిన సంచీ పట్టుకుంది. నేను వెనక ఎక్కాను. కొండ మొదట్లోనే కారు మూలగడం మొదలుపెట్టింది. రెండో గేరు, ఒకటో గేరు, వదిన యాక్సిలరేటర్ నేలకి తొక్కిపట్టి ఉంచింది. ఇంజను లోపల్లోపల గింజుకుంటోంది గానీ చక్రాలు కదలడం లేదు. మలుపు దగ్గర ఆవిరి చిమ్మి ఆగిపోయింది. నేనూ గురువులూ దిగి తోశాం. వెనక్కి జారిపోతుంటే చక్రం కింద రాళ్ళు పెట్టాం. శిఖరం ఇంకా చాలా పైన ఉంది.

వదిన కారు తలుపు విసిరికొట్టి నడక మొదలుపెట్టింది. చెప్పులు గులకరాళ్ళలో జారుతుంటే తీసి పారేసింది. ఆ ఎండలో, ఆ వయసులో, వట్టి కాళ్ళతో కొండ ఎక్కి దిగింది. కారయితే పిట్ట వాలినంతసేపట్లో చేరేవాళ్ళం.

మేం గుమ్మంలో అడుగుపెట్టేసరికి బిడ్డ కాళ్ళు వచ్చి తల చిక్కుకుపోయి ఉంది. వదిన చేతులు పెట్టిన కాసేపటికే బిడ్డ బయటికి వచ్చాడు. మగబిడ్డ, నిండుగా ఉన్నాడు. వాడి ముక్కు దగ్గర చెయ్యి పెట్టి, నోట్లో నోరు పెట్టి ఊది, మళ్ళీ చెయ్యి పెట్టి చూసింది. ఊపిరి లేదు. ఇంకొంచెం ముందు వచ్చి ఉంటే దక్కేవాడని నాకు తెలుసు, ఆవిడకీ తెలుసు. తర్వాత నూకాలుకి రక్తం ఆగక, దాన్ని నిలబెట్టడానికి చీకటిపడేదాకా పట్టింది.

తెలివి వచ్చాక నూకాలు ఏడవలేదు. "కారు సప్పుడు కోసం సెవులొగ్గి పడున్నాను సిస్టరమ్మా. సప్పుడు ఇంటే ఓపిక పట్టీదాన్ని. రానేదు," అంది. బయట అరుగు మీద తాతబాబు తల పట్టుకుని కూర్చుని ఉన్నాడు.

మర్నాడు పొద్దున్నే వదిన మోరిస్‌ని కొండ మీద నుంచి దొర్లించుకుంటూ వచ్చి వీర్రాజు షెడ్డు ముందు ఆపింది. దిగి, తాళంచెవి వాడి ముందు పడేసింది. "ఈ రోజు నువ్వు తోలు. నాను పక్కన కూకుంటాను," అంది. ఆవిడ మొహం చూసి వాడు పని ఉందనలేదు. ఎత్తు రోడ్డు ఎక్కించబోయాడు. కారు వాడి కాళ్ళ కింద కూడా అలాగే మూలిగి ఆగిపోయింది.

"ఇప్పుడు క్లచ్ మీద ఎవరి కాలున్నాది?" అంది వదిన.

ఆవిడ వాణ్ణి మళ్ళీ స్టార్ట్ చేసి ఇంజను రెయిజ్ చేస్తూ ఉండమని, దిగి కారు వెనక్కి వెళ్ళింది. నిన్న బిడ్డ ముక్కు దగ్గర పెట్టిన ఆ చేతినే పొగ గొట్టం దగ్గర పెట్టింది. ఇంజను అంత గింజుకుంటుంటే గొట్టంలోంచి వేడిగాలి ఊపుగా కొట్టాలి. అరచేతికి తగిలీ తగలనట్టు వస్తోంది. "పీల్చిన ఊపిరి బయటికి రాటం నేదు. విప్పు," అంది.

వీర్రాజు సైలెన్సర్ విప్పి రాయి మీద తట్టాడు. లోపలి నుంచి తెల్లటి గడ్డలు, మాడిన కొబ్బరి పీచు కుప్పగా రాలాయి. వాడు ఒక గడ్డని చిదిమి చూశాడు, వాడి మొహం విప్పారింది. "ఇది పడవ సున్నం అమ్మా. అవతలోళ్ళు ఎవులో సిల్లులు మూసేరు. కూరిన ముద్ద లోపలికి జారి వేడికి రాయైపోనాది. నా తప్పు కాదు," అన్నాడు.

వదిన చేతిలో స్పానర్ ఉంది, కొడుతుందనే అనుకున్నాను. కొట్టి ఉంటే నేను ఆపేదాన్ని కాదు. "మూసినోడికి కారంటే తెలీదు. నీకు తెలుసు గదా. ఒక్కపాలి ఎనక సెయ్యెట్టి సూసుంటే నిన్న ఆ బిడ్డ బతికుండును," అని స్పానర్ అక్కడ పడేసింది. వన్ టౌన్ నుంచి కొత్త సైలెన్సర్ తెప్పిస్తానని వాడు వెనకాల నుంచి అరుస్తున్నా వినిపించుకోలేదు.

సైలెన్సర్ లేకుండానే కొండకి బయల్దేరాం. నూకాలుని చూడాలి, తాతబాబుని కడిగెయ్యాలి. పడవ సున్నం అంటే ఎవరి చెయ్యో మా ఇద్దరికీ చెప్పనక్కర్లేదు. మోరిస్ రోడ్డు అదిరిపోయేలా అరుస్తూ మూడో గేరులో, తూలకుండా, పాత రోజుల్లోలాగా కొండెక్కేసింది. నిన్న ఆగిపోయిన మలుపు కళ్ళు మూసి తెరిచేలోపు దాటిపోయింది. "అడక్కుండా ముట్టుకోడానికి వాడెవడు," అని దారి పొడుగునా వదిన పళ్ళు కొరుకుతూనే ఉంది. నేను కూడా నాలుగు మాటలు సిద్ధం చేసుకున్నాను.

కారు ఆగేసరికి తాతబాబు అరుగు దిగి ఎదురొచ్చాడు. కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి. ఒక చేతిలో ఉలి, ఇంకో చేతిలో మూకుడు. మూకుడులో అప్పుడే దంచిన సున్నం ముద్ద.

"సప్పుడు ఇని లేసినాను సిస్టరమ్మా," అన్నాడు. "మల్లా సిల్లు పడినాది గదా. సూర్యకాంతమ్మ కోడలి పురుటికి నువ్వొచ్చిన రోజున నానే మూసినాను, నీకు సెప్పనేదు. నువ్వు మా పిల్లల కోసం ఇంత కట్టపడతన్నావు, నా సేతిలో ఉన్నది ఇదొక్కటే గదా అనుకున్నాను. సరిగ్గా కూరనేదు కావాల, ఊడిపోనాది. సిల్లు పడిన పడవ ఎలా నడుత్తాది? నిన్న అందుకే కొండెక్కనేకపోనాది. ఇయాల గట్టిగా కూరతాను. మరింకెవులికీ అలా అవకూడదు."

నేను నోరు తెరిచాను. వదిన నా మణికట్టు పట్టుకుని నొక్కింది. ఆ నొప్పి చాలా రోజులు ఉంది. ఆవిడ ఆ మూకుడు వైపే చూస్తూ నిలబడింది.

"వద్దు తాతబాబూ," అంది చివరికి. "నిన్న అది ఆగినాది సిల్లు వల్ల కాదు. ఇంజన్ ముసిలిదైపోనాది. వీర్రాజు బాగుసేసినాడు."

"మరి సప్పుడో?"

"సప్పుడుండనీ. దాన్ని మరి ఎవులూ ముట్టుకోవద్దు."

"నీకు సెవుడొచ్చేద్దమ్మా."

"రానీ," అని వదిన సంచీ తీసుకుని లోపలికి నడిచింది. వీర్రాజుకి దక్కకూడని ఆ మంచి పేరు వాడికి ఎందుకు ఇచ్చిందా అని నాకు కోపం ఆగలేదు. వెనక్కి తిరిగి చూస్తే తాతబాబు ఆ ముద్దని ఏం చెయ్యాలో తెలియనట్టు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

లోపల నూకాలు చాప మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. వదిన పక్కన కూర్చుని నాడి పట్టుకోగానే మెల్లగా ఇటు తిరిగింది.

"ఇనపడినాది సిస్టరమ్మా," అంది. "నువ్వు కొండ మీదున్నప్పుడే ఇనపడినాది."