మా డెన్మార్క్ తిబెరియు

మా తిబెరియు మామ నోరు తెరిస్తే డెన్మార్క్. రొమేనియా పొలిమేర దాటి ఒక్క అడుగు వెయ్యని మనిషి, డెన్మార్క్‌లోనే పుట్టి పెరిగినట్టు మాట్లాడతాడు. వృత్తికి దర్జీ. కానీ కుదురుగా కూర్చోలేడు. సూది పట్టుకుని గదంతా తిరుగుతూనే కుడతాడు. చూసేవాళ్లకు కళ్లు తిరుగుతాయి.

సంకటి మాడితే, "డెన్మార్క్‌లో మాడదు." బస్సు రాకపోతే, "డెన్మార్క్‌లో మంత్రీ, చెత్తబండివాడూ ఒకే బస్సెక్కుతారు."

"వాళ్లకు డబ్బుంది మామా, అందుకే అంత నీతి," అన్నానొకసారి.

"తిరగేసి చెప్పావమ్మాయ్! నీతి ఉంది కాబట్టే డబ్బుంది!"

ఆ ఏడు మా అమ్మ కంట్లో శుక్లం ముదిరింది. సర్కారు ఆసుపత్రిలో ఆపరేషన్ ఉచితమే. కానీ డాక్టరుగారి తెల్లకోటు జేబులో కవరు పడితేనే తేదీ ఖాయమవుతుందని మా ఊళ్లో చంటిపిల్లలకూ తెలుసు. కవరు ఇవ్వని పాపానికి మాకు అప్పటికే వాయిదా పడింది. ఇక లాభం లేదని, అమ్మ ప్రాణంగా పెంచుకున్న దూడను అమ్మేశాం.

"డెన్మార్క్‌లో డాక్టర్ల కోట్లకు జేబులే ఉండవు," అన్నాడు మామ.

"నీ డెన్మార్క్ తగలెయ్య! రేపు ఆసుపత్రి ఛాయలకు రాకు!" అన్నాను.

వచ్చాడు. వరండాలో పచార్లు మొదలెట్టాడు. డాక్టరుగారు రాగానే, అందరూ చేసేట్టే, దండం పెడుతున్నట్టు దగ్గరికెళ్లి కవరు జేబులోకి జార్చాను. దిగలేదు. నొక్కాను. దిగలేదు. పాపం, ఆయనా కాస్త పక్కకు వంగి సాయపడ్డాడు. కవరు జారి అందరి మధ్యా నేల మీద పడింది. చూస్తే జేబు మూతి అంతా గట్టిగా కుట్టేసి ఉంది!

వరండా మొత్తం మమ్మల్నే చూస్తోంది. డాక్టరుగారి ముఖం కందగడ్డయింది.

"ఏమిటమ్మా ఇది? ఇక్కడ ఇలాంటివి కుదరవు, తీయండి! మీ అమ్మకు రేపే ఆపరేషన్!" అని అరిచి లోపలికి పోయాడు.

ఆసుపత్రి కోట్లు బాగుచేసేది మామేనని అప్పుడు వెలిగింది నాకు. ఒక్క కోటునూ వదల్లేదట ఆ మహానుభావుడు. దాంతో ఆ పని కాస్తా ఊడింది.

ఆ కవరు డబ్బుతోనే దూడ మళ్లీ మా కొట్టంలోకొచ్చింది. మామకు చూపు ఆనదు కాబట్టి, ఇప్పుడు ఆయన వెనకే తిరుగుతూ సూదిలో దారం ఎక్కించేది మా అమ్మే.

"డెన్మార్క్‌లో దారం దానంతటదే ఎక్కుతుంది," అన్నాడు మొన్న.

"అయితే అక్కడికే పోరాదూ?" అంది అమ్మ.

"ఇప్పుడెలా పోనూ? మునిసిపాలిటీ వాళ్ల కోట్లు నిన్ననే వచ్చాయి!"