కట్టయ్య చెప్పిన పది గంగాళాలు

ముందుగాల్నే చెప్తాన, ఆ సర్వే సార్ల గురించి నా నోట్లెకెళ్లి ఒక్క మంచి మాట రాదు. పన్నెండు రోజులు వాళ్ల ఎంబడి తిరిగినదాన్ని నేను గూడ. అందుకే నా మీద నాకు గూడ పెద్ద మర్యాదేం లేదు.

మా కొత్తవాడల నేల మీద పరిచే దర్రీలు నేసేటోళ్లకు నూలుకు రంగులేసి ఇచ్చే మనిషి కట్టయ్య. నాకు వరుసకు పెద్దబాపు. అరవై మూడేండ్లు. చిన్నప్పుడు వాళ్ల మేనమామ ఎంబడి రంగుల గంగాళం కాడ నిలబడ్డడు, మళ్ల అక్కడి నుంచి జరుగలే. ఆయన గోర్లు చూస్తే ఆ వారం ఏ రంగు నడిచిందో చెప్పొచ్చు. పెండ్లిళ్లకు పోతే సిగ్గుపడి చేతులు జేబుల్ల పెట్టుకుంటడు. "గా చేతులు చూసి మా అవ్వ నన్ను ఇయ్యనన్నది తెల్సా" అని మొగిలమ్మ పెద్దమ్మ ఇప్పటికీ పరాచికాలాడుతది. పెంకుల కప్పు కింద రెండు పొయ్యిలు, నాలుగు గంగాళాలు, నూలు కట్టలు, మా మాటల చిలపలు, ఆరేసే దండేలు. గదే ఆయన కార్ఖానా. అది లేకుంటే ఆయన ఏం జేస్తడో ఆయనకే తెల్వది.

నీళ్లు పారబోసుడంటే పెద్దబాపుకు పాణం పోయినట్టే. పొద్దుగాల పసుపు రంగు వేస్తడు. ఆ నీళ్లల్లనే ఇంత ఎర్రమందు కలిపి నారింజ తీస్తడు. అవే నీళ్లల్ల ఎరుపు, తర్వాత మెరూన్, ఆఖరుకు నలుపు. ఎంగిలి నీళ్లని పేరు పెట్టుకున్నడు వాటికి. రంగు మిగిలిందా లేదా చూసెటందుకు ఒక తెల్లపోగు ముంచి, మోచేతి మీద గీసుకుంటడు. గీత పడితే ఆ నీళ్లకు ఇంకా పని ఉన్నట్టు. పొద్దుందాక కలిపి రెండంటే రెండు గంగాళాలు మోరీల పడ్తయి. ఇది ఆయనకు ఏ సార్ నేర్పలే. ఎండకాలం నల్లా నాలుగొద్దులకోపారి వచ్చే కాలంల ఆయనంతట ఆయనే పట్టుకున్నడు.

మూడేండ్ల కింద పట్నం నుంచి ఒక యాప్ దిగింది. పేరు స్వచ్ఛవర్ణం. తక్కువ నీళ్లతోని, తక్కువ మందులతోని రంగులేసుడు ఎట్లనో నలభై ఆరు వీడియోలు. అండ్ల తెల్లకోటు మేడమ్ ఒకామె "వర్ణ ద్రావణ పునర్వినియోగం అనగా" అని మొదలుపెడ్తది. నా ఫోన్ల పెద్దబాపుకు చూపెట్టిన. రెండు నిమిషాలు కండ్లు పెద్దవి చేసుకొని చూసిండు.

"ఈమె ఎవలకు చెప్తాంది బిడ్డా? డాక్టర్లకా?" అని ఫోన్ నా చేతుల పెట్టి పొయ్యి ఊదుకున్నడు.

ముప్పై ఏండ్ల సంది ఆయన చేసే పనే అది! ఆయనకు చెప్పినోడూ లేడు, ఆయన్ను అడిగినోడూ లేడు.

ఇగ ఆ యాప్ పనిచేసిందా లేదా చూసెటందుకు ఇంకో ముఠా వచ్చింది. దానికి పెద్ద హరికృష్ణ సార్. డిగ్రీ అయిపోయి ఖాళీగ ఉన్న నన్ను పెట్టుకొని చేతుల ట్యాబ్ పెట్టిండు. అరవై నాలుగు ప్రశ్నలు. వాటిల్ల ఒక్కటన్నా మోరీ దాక నడిచి నీళ్లు చూడమని చెప్పదు. సార్ కారు దిగుడే ముక్కుకు దస్తీ కట్టుకొని దిగిండు. ప్యాంటుకు రంగంటుతదేమోనని పెద్దబాపు ఏసిన కుర్చీల సగమే కూసున్నడు. పెద్దమ్మ చాయ్ తెస్తే ముట్టలే. అబ్బ, ఏం మనిషో!

మా వాడకట్టుల ఒక అలవాటున్నది. కాయితం పట్టుకొని ఎవలొచ్చినా పని ఎక్కువే చెప్పాలె. ఎందుకంటే సొసైటీల నూలు పంచేటప్పుడు పని ఎక్కువున్నోనికే ఎక్కువ నూలు రాస్తరు. తక్కువ చెప్పినోడు తెలివి తక్కువోడు. మా తాతల కాలంకెళ్లి ఇదే నడుస్తాంది. ట్యాబ్ గూడ పెద్దబాపు లెక్కల కాయితమే గదా.

"రోజుకు ఎన్ని గంగాళాల నీళ్లు వాడతారు?" అన్నడు సార్.

"పది!" అన్నడు పెద్దబాపు ఛాతీ ఇరిసి.

నేను తలెత్తి చూసిన. ఆయన నాకు కన్నుకొట్టిండు. "రాయి బిడ్డా, పది రాయి. పండుగల ముందటైతే పన్నెండు."

రెండని నాకు ఎర్కే. అయినా కొత్త మనిషి ముందట పెద్దోన్ని పట్టుకొని అబద్ధమాడుతానవని ఎట్లంటం? పది అని ఒత్తిన. ఈ వేలుతోనే ఒత్తిన.

"యాప్ ఎన్నిసార్లు తెరిచారు?"

"ఒక్కపారి గూడ లేదు సార్. మా పని మాకొచ్చు."

ట్యాబ్‌ల ఎర్రబొట్టు పడ్డది. అవగాహన లేదు, నీటి వృథా అధికం.

గల్లీ చివరికి భానుచందర్ కార్ఖానా ఉంటది. ఏ రంగుకు ఆ రంగు కొత్తనీళ్లు పడ్తడు. ఆయన మోరీ ఎప్పుడు చూసినా రంగురంగులే. కానీ పట్నంల ట్రైనింగ్‌కు పోయచ్చిండు, ఏ సార్‌కు ఏ లెక్క చెప్పాల్నో నేర్సుకచ్చిండు. నలభై ఆరు వీడియోలు అన్నం తినుకుంట, ఫోన్ బోర్లేసి నడిపిచ్చిండు. "రెండే గంగాళాలు సార్" అన్నడు నున్నగ. ఆయన అంటాంటెనే ఎనక మోరీల నీలం నీళ్లు బుడబుడ పోతానయి! సార్ ఎనకకు తిరిగి చూస్తే గదా. ట్యాబ్‌ల పచ్చని ఆకు బొమ్మ వచ్చింది.

కార్ల ఎక్కినంక అడిగిన. "సార్, కట్టయ్య పెద్దబాపుది పది కాదు, రెండే. మా దాంట్ల ఎక్కువ చెప్పుడు అలవాటు. ఒక్కపారి ఎనకకు పోయి మోరీ చూద్దాం."

"చూడండి భారతి గారూ, రెస్పాండెంట్ చెప్పిందే డేటా. మీ అభిప్రాయానికి అందులో కాలమ్ లేదు" అని నవ్విండు. నవ్విండు సూడుండ్లి! ఆ నవ్వుకు నా ఒళ్లు మండింది. మండి ఏం జేసిన? ఊకున్న. ఇంకా నాలుగొద్దుల కూలి ఉండె.

నెల తిరుగకముందే, మా సర్వే లెక్క చూసి కాలుష్యం ఆఫీసోళ్లు నోటీసు పంపిండ్లు. గంగాళానికి రెండొందల లెక్కన దినాం రెండువేల లీటర్ల రంగునీళ్లు ఇడుస్తానవు, పదిహేనొద్దుల్ల నీళ్లు శుద్ధిచేసే ట్యాంకు కట్టు, లేకుంటే మూసుకో అని. పెద్దబాపు దాన్ని మా ఇంటికి పట్టుకచ్చిండు. చదివి చెప్పిన.

"ఎక్కువ చెప్తే ఎక్కువియ్యాలె గదా బిడ్డా. ఉన్నది గుంజుకునుడేంది?"

ఇద్దరం ఆఫీసుకు పోయినం. అక్కడి సార్ కంప్యూటర్ మా దిక్కు తిప్పి, "పది అని మీరే చెప్పిండ్లు" అన్నడు. వచ్చి చూడుండ్లని పెద్దబాపు చేతులు జోడిచ్చిండు. అన్ని రంగులంటిన ఆ చేతులు జేబుల్లకెళ్లి తీసి, ముఖం ముందట పెట్టి జోడిచ్చిండు. ఆ సార్ వాటిని చూసి, "ఇంత రంగు వాడేటోనివి రెండు అంటే నమ్మాల్నా" అన్నడు. థూ, ఏం చదువులు అవి!

పదహారో నాడు తాళం పడ్డది.

ఇంకో రెండు నెలలకు హరికృష్ణ సార్ ఫోన్ చేసిండు. గొంతుల ఎక్కడలేని సంబురం. రిపోర్ట్ తయారైందట, స్వచ్ఛవర్ణం పెద్ద సక్సెసట. ఒక్క కొత్తవాడలనే దినానికి రెండువేల లీటర్ల నీళ్లు మిగులుతానయట.

"ఎట్ల సార్?" అన్న.

"ఎక్కువ వృథా చేసే యూనిట్ ఒకటి మూతపడింది కదా! అట్టకు ఒక మంచి ఫొటో పంపండి. పచ్చాకు వచ్చిన కార్ఖానాది."

తిట్టాల్ననిపిచ్చింది. తిట్టలే. భానుచందర్ కార్ఖానాకు పోయిన. అక్కడ కట్టయ్య పెద్దబాపు ఉన్నడు. పనిలేక ఇంట్ల కూసోలేక భానుచందర్ దగ్గర కూలికి కుదిరిండట. నాకు తెల్వనే తెల్వది. నేను పోయేసరికి ఎరుపు రంగు గంగాళాన్ని రెండు చేతుల్తోని వంచుతాండు. నిండు గంగాళం. నీళ్లు ఇంకా చిక్కగనే ఉన్నయి.

"పెద్దబాపు! అవెందుకు పారబోస్తానవు?"

నా ముఖం చూడలే. "కొత్తనీళ్లే పొయ్యాల్నట బిడ్డా. ఎంగిలి నీళ్లు పెడితే పనికి రావద్దన్నడు."

నాకు ఏడుపొచ్చింది, అంతకన్నా కోపమొచ్చింది. ఫోన్ తీసి, ఆ నీళ్లు మోరీల పడ్తాంటె ఫొటో కొట్టి సార్‌కు పంపిన. ఇదిగో మీ సక్సెస్, కండ్లుంటే చూడుండ్లి అనే పంపిన. ఐదు నిమిషాలకు జవాబొచ్చింది. "కలర్స్ అద్భుతం. థాంక్యూ."

రిపోర్ట్ అచ్చయి వచ్చింది. అట్ట మీద ఆ ఫొటోనే. గంగాళం వంచుతున్న పెద్దబాపు చేతులు, మోరీల ఎర్రగ పోతున్న నీళ్లు, కింద పచ్చని ఆకు బొమ్మ. దాన్ని తీస్కపోయి పెద్దబాపు ముందట పెట్టిన. తిడ్తడనుకున్న. నన్నన్నా తిడ్తడనుకున్న.

అద్దాలు పెట్టుకొని శానసేపు చూసిండు. తన చేతులను చూడలే. వేలు పెట్టి ఆ ఎర్రనీళ్లను చూపిచ్చిండు.

"ఇంకా ఎనిమిది చిలపల నూలు మునుగుతుండె బిడ్డా వీటిల్ల" అన్నడు.