కలుపు తీసిన కోడలు

ఈ ఏడు తొలి వానకు వేసిన శెనక్కాయ చేలో మా మరిది నాకు చెప్పకుండా కలుపు మందు కొట్టించాడు. నాలుగు రోజుల తర్వాత నన్ను గట్టు మీదికి పిలిచి, "చూడు వదినా, చేను ఎంత నున్నగా ఉండాదో" అన్నాడు. నిజమే, సాళ్ల మధ్య గురుగాకు మొత్తం పసుపు పూసుకొని పడుకుంది. ఆ చేను అంత నున్నగా కావడం ఇంతకుముందు ఒక్కసారే జరిగింది. ఆ ఘనత నాది.

నేను గుత్తిలో పెరిగినదాన్ని. ఆకుకూర అంగట్లో కట్టలుగానే పుడుతుందనుకున్నదాన్ని. తనకల్లు దగ్గరి ఈ ఊరికి కోడలిగా వచ్చిన ఏడు, ఒక్క వానకు విత్తనం మొలిచి, మళ్లీ చినుకు పడలేదు. మా ఆయన కూలికి బెంగుళూరు వెళ్లాడు. ఇంట్లో మిగిలింది అత్త, నేను, బడికి పోయే మరిది, కుండ అడుగున కొన్ని రాగులు. తన అక్కను ఇంకొన్ని రాగులు అడిగి తెస్తానని బయలుదేరుతూ, చేను చూసుకోమంది అత్త. చూసుకోవడమంటే కలుపు తీయడమే అనుకున్నాను. మంచి కోడలనిపించుకోవాలని రెండు రోజులు నడుము వంచి, పచ్చగా ఉన్న గురుగునంతా పీకి గట్టవతల పారేశాను. నన్ను మెచ్చుకున్నది మేకలు తోలుకొచ్చిన ముసలాయన ఒక్కడే. ఆయన మేకలు ఆకు మిగల్చలేదు.

అత్త చిన్న మూటతో తిరిగొచ్చి, గట్టెక్కి చేను చూసింది. తిట్టలేదు.

"గురుగును గుత్తిలో ఏమంటారమ్మా?"

"కలుపు, అత్తా."

"ఈడ గూడా కలుపే అంటాము. పిండి చాలనప్పుడు సంగట్లో కలుపుతాము."

మాటలతో ఆడుకోవడం నాకు అలవాటే కానీ, ఆ రోజు నవ్వు రాలేదు. ఆ ఆకు ఉంటే ఉన్న పిండి రెండింతల రోజులు వచ్చేది. తర్వాత అత్తకు భక్తి ముదిరింది. సోమవారం శివుడికి, శనివారం వెంకటేశ్వరుడికి ఉపవాసం. ఆపైన గురువారం, శుక్రవారం కూడా. చివరికి ఏ దేవుడూ గుర్తురాని రోజే ముద్ద ముట్టేది. మిగతా రోజుల్లో సంగటి అంటిన కుండలో నీళ్లు పోసి, కలిపి తాగేది. ఆ ఇంట్లో పారేసేదంటూ ఏదీ లేదు, నేను పారేసింది తప్ప.

చేలోని రాళ్లకుప్ప పక్కన నా కంటపడని గురుగు మొక్క ఒకటి మిగిలిందని ఆమే కనిపెట్టింది. తెంపుకొస్తానని నేను లేస్తే, "దాని జోలికి పోవాకు. అది మనం తినేది గాదు, వచ్చే ఏటిది" అని చుట్టూ ముళ్లకంప నాటింది. ఆకలితోనే దాన్ని గింజ పట్టనిచ్చింది. మరుసటేటి వాన రాకముందే జ్వరంతో పోయింది. జ్వరమేనని అందరూ అన్నారు. నేనూ అన్నాను. వాన పడ్డాక కుప్ప చుట్టూ గురుగు మొలిచి, ఏటేటా చేనంతా పాకింది. ఏ ఏడూ సాంతం తీయనివ్వలేదు నేను.

అత్త మానేసిన ముద్దలు తిని పెరిగిన మరిది, నా మెప్పు కోసం నిలబడి ఉన్నాడు. "బాగుండాదప్పా" అన్నాను. ఆ తర్వాత వాన రాలేదు, శెనక్కాయ కూడా వాడిపోతోంది. నిన్న వెళ్లి రాళ్లకుప్ప చుట్టూ వెతికాను, ఒక్క గురుగు మొక్కా మిగల్లేదు. అత్త ఆకలి మీద మొలిచిన ఇన్నేళ్ల పచ్చదనం నాలుగు రోజుల్లో ఎండిపోయింది.