హంతకుణ్ణి దాచిన డిస్కు

హంతకుడెవరో చెప్పకుండానే ఒక డిటెక్టివ్ సినిమాను డిస్కులో పెట్టి అమ్మారు. అట్ట మీద 'సంపూర్ణ చిత్రం' అని పెద్ద అక్షరాలతో అచ్చు వేశారు. ఆఖర్న డిటెక్టివ్ ఇంట్లోవాళ్ళందరినీ హాల్లో కూర్చోబెట్టి, హంతకుడు ఈ గదిలోనే ఉన్నాడంటూ వేలు ఎత్తుతాడు. ఆ వేలు ఎవరి వైపూ తిరగదు. తెర నల్లబడుతుంది, వెంటనే 'శుభం' పడుతుంది. ఆ శుభం కూడా ఈ సినిమాది కాదు. సినిమా నలుపు తెలుపు, శుభం రంగుల్లో ఉంది.

మిగతా విషయంలో నేను అబద్ధమాడను. బొమ్మ శుభ్రంగా ఉంది. అప్పట్లో థియేటర్లో గీతలు పడ్డ ప్రింటు చూసి, ఈ సినిమాలో ఎప్పుడూ వానేనా అనుకున్నాం. డిస్కులో చూస్తే వాన ఒక్క సీనులోనే ఉంది, గొడుగు అంచున చుక్కలు కూడా కనిపించాయి. మాటలు స్పష్టంగా ఉన్నాయి. పాటల్లో ఒక్క చరణం తెగలేదు. పాటలన్నీ భద్రంగా ఉంచి హంతకుణ్ణి తీసేశారు!

మా పెళ్లయిన కొత్తలో నేనూ మా ఇంటామె ఈ సినిమాకు పోయాం. నయాపూల్ బ్రిడ్జికి ఇవతల ఒక థియేటర్, అవతల ఒకటి, రెంటికీ కలిపి ఒకటే ప్రింటు. అక్కడ ఒక రీలు అయిపోగానే డబ్బాలో పెట్టి సైకిల్ మీద బ్రిడ్జి దాటించి ఇక్కడ ఆడించేవాళ్లు. ఆ రోజు, డిటెక్టివ్ అందరినీ హాల్లోకి రమ్మని కబురు పెట్టగానే తెర ఆగింది. సైకిల్ రాలేదు. జనం ఈలలు వేస్తుంటే మేనేజరు తెర ముందుకు వచ్చి చేతులు జోడించాడు.

"లొల్లి చెయ్యకున్రి అన్నా. కర్ఫ్యూ పడ్డది. ఆఖరు రెండు రీల్లు బ్రిడ్జి అవతల్నే ఆగినయ్. సప్పుడు గాకుండ ఇండ్లకు పోన్రి. సగం టికెట్ జాగ్రత్త పెట్టుకోన్రి, మళ్ల చూపిస్తం."

గోడల పక్కన నక్కుతూ జహనుమాలో మా ఇంటి దాకా నడిచాం. వెనక ఎక్కడో పొగ లేస్తోంది. కర్ఫ్యూ ఎత్తేసేసరికి సినిమాయే ఎత్తేశారు. మళ్ళీ ఎక్కడా ఆడలేదు.

నేను బడికి పోయినవాణ్ణి కాదు. బస్సు డిపోలో పని చేస్తూ, సినిమా పాటల పుస్తకాలు పట్టుకుని అక్షరాలు కూడబలుక్కున్నాను. ఈ సినిమా పాటల పుస్తకమూ మొత్తం చదివాను. అందులో కథ చివర, అన్ని పుస్తకాల్లో ఉన్నట్టే, మిగతాది వెండితెర మీద చూడమని ఉంది. చూసినవాళ్లను ఎవరినైనా అడుగుదామంటే ఆమె ఒప్పుకోలేదు.

"అడిగి తెలుసుకుంటె చూసినట్టా? మన కండ్లతోని చూద్దాం."

ఆమె అనుమానం సినిమాలో ఆ ఇంటి పెద్దాయన మీద. "పనిమనిషికి మందు తెచ్చిచ్చిండు చూడు, గంత మంచోడు మంచోడు గాదు" అనేది. నా అనుమానం కారు డ్రైవరు మీద. తర్వాత కాపురమంతా అదే ఎత్తిపొడుపు. నేను పుచ్చు వంకాయలు తెచ్చినా అదే, వానొస్తుందంటే రాకపోయినా అదే. "ఏం జెప్తవులే, డ్రైవర్ మీద అనుమానపడ్డోనివి!"

పోయిన ఏడు ఆమెకు కడుపులో గడ్డ ముదిరిందని తేలింది. ఇంటికి తీసుకుపోయి ఇష్టమైనవి పెట్టమన్నారు డాక్టర్లు. గంజి కూడా లోపల నిలవని మనిషికి ఏం పెడతాను? ఏం కావాలని అడిగితే, "తినుడైతే గాదు గని, గా సినిమా దొరుకుతదేమో చూడు" అంది.

నయాపూల్ దగ్గర పాత డిస్కులమ్మే అతను వెతికి చేతిలో పెట్టాడు. "లే లో చాచా, కొత్తగ వచ్చింది. ఫుల్ పిక్చర్. ఫికర్ నక్కో."

దిండ్లు ఎత్తు పెట్టి కూర్చోబెట్టాను. మధ్యలో నొప్పికి కళ్ళు మూసుకుంటే ఆపేవాణ్ణి, తెరిస్తే మళ్ళీ పెట్టేవాణ్ణి. డిటెక్టివ్ వేలు ఎత్తగానే నా మణికట్టు పట్టుకుంది. తెర నల్లబడింది.

"కరెంటు పోయిందా ఏంది?"

"లేదు. అయిపోయింది."

రంగుల శుభం వైపు కాసేపు చూసింది. "మళ్ల కర్ఫ్యూ పెట్టిన్రు చూడు, నీ డిస్కు కంపెనోల్లు" అని నవ్వబోయి దగ్గులో పడింది.

డిస్కు మార్చి తెచ్చాను, అదీ అంతే. అన్నీ ఒకటే చాచా, కంపెనీకి రాయి అన్నాడు కొట్టతను. రాయాలా వద్దా అని ఆమెనే అడిగాను. "ఇగ అడుగు. నేనే అంటున్న గద" అంది. ఇన్నేళ్ల పట్టు ఆమె అలా వదిలేసిన రోజే నాకు అర్థమైపోయింది.

అట్ట మీది అడ్రసుకు రాశాను. తిట్లు రాయలేదు. ఆఖరి రీలు పంపకపోయినా సరే, హంతకుడు పెద్దాయనా, డ్రైవరా, వేరొకరా, ఒక్క మాట రాయండి, మా ఇంట్లో మనిషికి వ్యవధి లేదు అని రాశాను. జవాబు లేదు. మళ్ళీ రాశాను. పోస్టుమాను గొంతు సందులో వినబడితే చాలు, ఆమె తల తలుపు వైపు తిరిగేది. ఒక మధ్యాహ్నం చూడలేక, "నువ్వన్నదే అయ్యుంటది, పెద్దాయననే" అన్నాను.

"అయ్యుంటది అంటె ఏంది? నువ్వు చూసినవా?"

"లేదు."

"మరి ఊకో. జవాబు రానీ."

జవాబు రాకముందే ఆమె పోయింది. దినాలయ్యాయి, చుట్టాలు వెళ్ళిపోయారు. ఒక ఉదయం పోస్టుమాను కవరు తెచ్చి ఇచ్చాడు. ఆమె మంచం ఇంకా తీయలేదు. దాని మీదే కూర్చుని చదివాను.

"అయ్యా, పాత చిత్రాల పట్ల మీ అభిమానానికి ధన్యవాదములు. మాకు లభించిన ప్రింటులో ఆఖరి రీలు లేదు. ప్రేక్షకులకు అసంతృప్తి కలగరాదని వేరే చిత్రంలోని శుభం కార్డును జోడించాము. పాత చిత్రం కావున కథ అందరికీ తెలిసే ఉంటుందని భావించాము. హంతకుడు ఎవరన్నది మా కార్యాలయంలో ఎవరికీ తెలియదు. మీకు తెలిసినచో దయచేసి తెలియజేయగలరు."