అడుగుకొక చుక్క

ఈ రోజు కోస్గి నుంచి పాలమూరు పోయే బస్సు ఎత్తు మీద మొరాయించింది. యుద్ధం మూలంగా పెట్రోలంతా మిలిటరీ లారీలకే పోతున్నందున మన బస్సులు బొగ్గు పొయ్యి గ్యాసుతోనే నడుస్తున్నాయి కదా. అందరం దిగి పక్కన నడిచాం. డ్రైవర్ మైసయ్య గాలి మూత కాస్త మూసి, నిప్పుల మీద నీళ్లు పడే కుళాయి తిప్పాడు. తగినన్ని నీళ్లు పడితే గ్యాసుకు బలం వస్తుంది.

"ఇంకిన్ని ఇడువు మైసయ్యా, జల్ది ఎక్కుతది," అన్నాడొక ముసలాయన.

"నీ కాళ్లు జూస్కుంటనే ఇడుస్తున్న తాతా. నువ్వు అడుగేస్తే ఒక చుక్క. ఎక్కువైతే పొయ్యి సల్లారుతది. పోయిన చలికాలం ఒక సదువుకున్న సారు గిట్లనే..." అంటూ నన్ను చూసి ఆగిపోయాడు.

ఆ సారు నేనే. అప్పుడు జ్వరంతో నా భార్య బస్సులో పడుకుని ఉంది. కాలేజీలో చదివిన రసాయనశాస్త్రం గుర్తొచ్చి, కుళాయి పూర్తిగా తిప్పమని పట్టుబట్టాను. పొయ్యి ఆరిపోయింది. మళ్లీ రాజేసేసరికి ఆమె లేదు.

ఈ రోజు బస్సు ఎత్తెక్కి, టైముకే దవాఖాన ముందు ఆగింది.

"దిగుతరా సారూ?" అని మైసయ్య మెల్లగా అడిగాడు.

అక్కడ నాకు పనేమీ లేదు. దిగలేదు.

అడుగుకొక చుక్క అనే లెక్క ఏ కాలేజీలో చెబుతారో, మన పఠనాలయం గోడపత్రిక చదివే సైన్సు మిత్రులు దీని కిందే రాయండి. నాకిక ఉపయోగం లేదు. తొందరలో ఉన్నవాళ్లు ఎవరైనా చదువుకుంటారు.